లండను శ్మశానమున బ్రౌను దొర సమాధి

లింగధారులైన వీరశైవులకు సమాధి యనునది క్రొత్త మాట కాదు. దేహమును అగ్నికి అర్పింపక భూమాత ఒడిలో చేర్చి, దానిపై గద్దె కట్టి, ఆ చోటును గురుస్థానముగ భావించి మ్రొక్కుట తరతరముల ఆచారము. బసవపురాణమును తెలుగున రచించిన పాల్కురికి సోమనాథుడు కర్ణాటకదేశమున మాగడి సమీపమునగల కలికెమున లింగైక్యము నొందెనని సంప్రదాయము. అదే బసవపురాణముతో సంబంధముగల మరియొక సమాధి తెలుగునాటికి వేల మైళ్ళ దూరమున, లండను నగరపు పడమటి భాగమున, కెన్సల్ గ్రీన్ అను శ్మశానవాటికలో నున్నది. అందు విశ్రమించిన మహనీయుడు లింగధారి కాడు, తెలుగువాడును కాడు. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌను పేరు వినని తెలుగు విద్యార్థి అరుదు. బ్రౌణ్య నిఘంటువు లేని గ్రంథాలయము తెలుగుదేశమున లేదనవచ్చును. వేమన పద్యములను అచ్చునకెక్కించిన వాడని ఆయనను పాఠ్యపుస్తకములు కీర్తించుచున్నవి. కాని పల్నాటి సీమకును, శివశరణుల సాహిత్యమునకును ఆయన చేసిన ఉపకారము అంతగా ప్రచారము కాలేదు. ఆ మహనీయుని జీవితమును ఆ దృష్టితో ఒకమారు పరిశీలించుట యుక్తము.

కెన్సల్ గ్రీన్ వాటిక

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున లండను నగర జనసంఖ్య మిక్కిలిగా పెరిగెను. చర్చి ప్రాంగణములందలి చిన్న చిన్న శ్మశానములు నిండిపోయి, క్రొత్త శవములకు చోటు లేక, పాత గుంతలనే మరల త్రవ్వవలసిన దుఃస్థితి కలిగెను. కలరా వ్యాపించుటతో ఈ సమస్య ప్రభుత్వమునకును తెలియవచ్చెను. 1832లో పార్లమెంటు ఒక శాసనము చేయగా, మరుసటి సంవత్సరము జనవరిలో ఊరివెలుపల విశాలమైన ఈ వాటికను ప్రారంభించిరి. హారో రోడ్డునకును, ఒక కాలువకును నడుమ 72 ఎకరముల నేలలో చెట్లు నాటి, బాటలు వేసి, దీనిని ఒక ఉద్యానవనము వలె తీర్చిరి.

ఈ వాటికలో ఎందరో ప్రసిద్ధులు విశ్రమించుచున్నారు. ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు థాకరే 1863లో గతించి ఇచటనే నిక్షిప్తుడయ్యెను. విశ్వకవి రవీంద్రుని తాతగారైన ద్వారకానాథ ఠాకూరు 1846లో లండనులో మరణింపగా ఆయనకును ఇచటనే సమాధి కట్టిరి. థాకరే పుట్టినది కలకత్తాలో, ద్వారకానాథుడు కలకత్తావాసి, బ్రౌను జన్మించినదియు కలకత్తాలోనే. గంగాతీరమున పుట్టిన ముగ్గురు థేమ్సు నది తీరనగరమున ఒకే నేలలో కలసిరి.

థాకరే సమాధిని చూచుటకు ఆంగ్లసాహిత్యాభిమానులు వత్తురు. బ్రౌను సమాధికి అట్టివారు లేరైరి. ఆయన అవివాహితుడు, సంతానము లేదు. ఆయన సేవ చేసిన భాష ఆ దేశమున మాట్లాడువారు లేరు. తరువాతి కాలమున బ్రిటనులో స్థిరపడిన తెలుగువారు ఆ సమాధిని గుర్తించి, దాని బాగోగులు చూచుచు, అచట పుష్పాంజలి ఘటించుచుండుట ముదావహము.

బాల్యము, విద్య

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్టు విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించిన విద్వాంసుడు. ఇంటియందే భాషాధ్యయన వాతావరణముండుటచే బాలుడైన బ్రౌనుకు చిన్ననాటనే హీబ్రూ, పారశీకము, హిందూస్తానీ మున్నగు భాషలతో పరిచయము కలిగెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. హెయిలీబరీలోని ఈస్టిండియా కంపెనీ కళాశాలలో శిక్షణ పొంది, 1817 ఆగస్టులో బ్రౌను మదరాసు రేవున దిగెను.

మదరాసులో ఆయనకు తొలుత తెలుగు నేర్పినవారు వెలగపూడి కోదండరామ పంతులుగారు. ఆనాటికి తెలుగు నేర్చుకొనదలచిన విదేశీయునకు సరియైన వ్యాకరణము గాని నిఘంటువు గాని చాలినంత లేవు. 1820లో సర్ థామస్ మన్రో మదరాసు గవర్నరై, జిల్లాలకు పోవు ఉద్యోగులు దేశభాషలు తప్పక నేర్వవలెనని గట్టిగా బోధించెను. ఆ సంవత్సరముననే బ్రౌను కడప కలెక్టరు కచేరిలో సహాయకుడుగా చేరెను. రైతు నోట వచ్చు తెలుగు వేరు, పండితుడు చెప్పు తెలుగు వేరు అని ఆయన అచటనే గ్రహించెను. ఆ రెండింటిని విడువక నేర్చుకొనుట ఆయన జీవితవ్రతమయ్యెను. కడపలోను, తరువాత మచిలీపట్టణములోను సొంత ధనముతో ఉచిత పాఠశాలలను నెలకొల్పి పేద బాలురకు చదువు చెప్పించెను.

వేమనతో పరిచయము

బ్రౌను దృష్టిని తెలుగు కవిత్వము వైపు మరలించిన వాడు వేమన. ఫ్రెంచి మతాచార్యుడు డుబాయి వ్రాసిన గ్రంథమున వేమన ప్రస్తావన చూచి, 1824 ప్రాంతమున ఆయన ఆ పద్యముల కొరకు వెదకనారంభించెను. వేమన పద్యములు జనుల నాలుకలపై నుండెనే గాని, వానిని గౌరవించి గ్రంథముగ కూర్చిన విద్వాంసులు అరుదు. ఛందస్సు సులభము, భాష వాడుక భాష, భావము కులాచార ఖండనము. ఈ మూడును పండితులకు చిన్నచూపునకు కారణములైనవి. ఆ మూడే బ్రౌనుకు ఆదరకారణములైనవి. అనేక ప్రతులు సేకరించి, పోల్చి చూచి, ఆంగ్లానువాదముతో 1829లో 693 పద్యములను ముద్రింపించెను. 1839 నాటికి ఆ సంఖ్యను 1164కు పెంచి మరల ప్రకటించెను.

తాటాకుల కొలువు

ఆనాడు తెలుగు గ్రంథములు తాటాకులపై నుండెను. గంటముతో వ్రాసి, మసి పూసి, రంధ్రమున త్రాడు గ్రుచ్చి, పలకల నడుమ కట్టి అటకపై నుంచుట వాడుక. చదువువారు లేని ఇంట ఆ కట్టలు చెదలపాలగును. వానకు తడిసిన చోట పొడియై రాలును. ఒక ప్రతి నశించులోపల మరియొక ప్రతి వ్రాయువాడు లేనిచో ఆ కావ్యము అంతటితో సరి. వ్రాయసకాని ప్రమాదముల వలన ప్రతికి ప్రతికి పాఠభేదములును విస్తారముగ నుండెను.

బ్రౌను ఈ సంగతిని బాగుగ గ్రహించి, కడపలో తోటతో కూడిన బంగళా కొని, అందు పండితులను, వ్రాయసకాండ్రను నియమించి, వారికి తన జీతమునుండి వేతనములిచ్చెను. ఒక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, వానిని ప్రక్కప్రక్కనుంచి చదివించి, పాఠములు పోల్చి, శుద్ధప్రతి వ్రాయించి, టీక చేర్పించుట అచటి పద్ధతి. జూలూరి అప్పయ్య, వఠ్యము అద్వైతబ్రహ్మయ్య మున్నగు పండితులు ఆయనకు కుడిభుజములై నిలిచిరి. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రము 1851లో వెలువడినది. ఈ పనికి ప్రభుత్వ ధనము చాలలేదు, ఆయన జీతమును చాలలేదు. అప్పులు చేసి కొనసాగించెను. ఊరూర తాటాకు కట్టలు తెచ్చిన వారికి రొక్కమిచ్చి పంపుచు, తాను ఋణదాతలకు వాయిదాలు చెప్పుకొనవలసిన స్థితిలో నుండెను.

డొక్కల కరువు

1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను ఘోరమైన క్షామము పీడించెను. వానలు లేక పంటలు పోయి, పశువులు చచ్చి, పల్లెలు పాడువడెను. ఆ కాలమున పల్నాడును గుంటూరు కలెక్టరు ఏలుబడిలోనిదే. కృష్ణానది ప్రక్కనే ప్రవహించుచున్నను, ఆ నీరు పొలమునకు రాదు. ఆనకట్ట కట్టుట మరి రెండు దశకములకు గాని జరుగలేదు. నల్లరేగడి నేలలు నెరెలు విచ్చినవి. జనులు కాలినడకను మదరాసు వైపు వలసపోవుచు దారులవెంట కూలిరి. జిల్లాలో నుండిన సుమారు 5 లక్షల జనులలో 2 లక్షల వరకు గతించిరని ఆనాటి లెక్కలు. దానిని డొక్కల కరువని జనులు పిలిచిరి. ఆ పేరే నాటి స్థితిని కన్నులకు గట్టును.

ఆ సమయమున బ్రౌను గుంటూరులో కంపెనీ అధికారిగా నుండెను. తాను చూచినదానిని మదరాసునకు వ్రాయుచు ఆయన కరువు అను అర్థమిచ్చు ఆంగ్లపదమునే వాడెను. పై అధికారులకు ఆ మాట రుచింపలేదు. కొరత అనవలసినచోట కరువని వ్రాయుట తగదని ఆయనను మందలించిరి. కచేరి కాగితములలో ఈ రెండు మాటలకు నడుమ ఒక రేఖ మాత్రమే యున్నట్లు తోచును. కాని ఆ రేఖకు ఈవల ప్రభుత్వమునకు బాధ్యత కలదు, ఆవల లేదు. కరువని ఒప్పుకొన్నచో గంజి పోయవలెను, శిస్తు మాఫీ చేయవలెను, ధాన్యము తెప్పింపవలెను. కొరతయన్నచో వేచి చూడవచ్చును. మాటల విలువ తూచుటయే వృత్తిగాగల నిఘంటుకారునికి ఆ భేదము తెలియకపోదు. ఆయన తాను చూచినదానికి దాని పేరే పెట్టెను.

లండనులో కెన్సల్ గ్రీన్ వాటికను ప్రారంభించినది సరిగా ఆ నెలలలోనే, అనగా 1833 జనవరిలో. ఒక రాజధానిలో మృతులకు ఉద్యానవనము సిద్ధమగుచుండగా, ఆ రాజధాని ఏలుబడిలోని మరియొక సీమలో మృతులను పూడ్చుటకు మనుష్యులు మిగులలేదు. డొక్కల కరువున చనిపోయిన పల్నాటి జనులకు సమాధులు లేవు, పేర్లు లేవు. వారి పక్షమున ఆ ఒక్క మాట వ్రాసిన వాడు ఆ తరువాత ఆ ఉద్యానవనముననే చేరవలసియుండెను.

1834లో బ్రౌను ఉద్యోగము పోగొట్టుకొని ఇంగ్లండునకు పోయెను. పండితుల కొలువు చెదరెను, అప్పులు మిగిలెను. మరియొకడైనచో అంతటితో తెలుగును మరచియుండెడివాడు.

లండనులో తెలుగు తాళపత్రములు

లండనులో ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా మూలబడియుండుట బ్రౌను చూచెను. అవి చదువగలవారు ఆ నగరమున లేరు. చదువగలవారున్న దేశమున అవి లేవు. సంస్కృత పండితుడైన హోరేసు హేమన్ విల్సన్ తోడ్పాటుతో ఆయన వానిని మదరాసునకు తిరిగి పంపించుటకు కారకుడయ్యెను. విదేశమునకు తరలిపోయిన నిధి మరల స్వదేశమునకు వచ్చుట ఆ కాలమున వింతయే.

1838 నాటికి బ్రౌను మరల మదరాసు చేరి పారశీకభాషానువాదకుడుగా పదవి స్వీకరించెను. తరువాత పోస్టుమాస్టరు జనరలు మున్నగు ఉద్యోగములు చేసెను. తాను కూడబెట్టిన వ్రాతప్రతులను మదరాసు లిటరరీ సొసైటీకి సమర్పించెను. కర్నల్ మెకంజీ సేకరించినవి, లండను నుండి వచ్చినవి, బ్రౌను సేకరించినవి అను మూడు రాసులే తరువాత మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు మూలధనమైనవి. విలియం టేలరు 1857–62 నడుమ వాని పట్టికను మూడు సంపుటములుగా ప్రకటించెను.

జంగముల గూర్చిన వ్యాసము

1840లో మదరాసు సాహిత్యశాస్త్ర పత్రికలో బ్రౌను జంగముల మతము, ఆచారములు, వాఙ్మయము అను విషయముపై దీర్ఘవ్యాసము ప్రకటించెను. శివశరణుల గూర్చి ఆంగ్లభాషలో వెలువడిన తొలి విపులమైన పరిశీలనలలో ఇది యొకటి. అంతకుముందు ఐరోపావారు వీరశైవుల గూర్చి వ్రాసినది చాలవరకు ఇతరుల నోట విన్నదే. డుబాయివంటివారి వ్రాతలలో నింద పాలెక్కువ, పరిశీలన పాలు తక్కువ. బ్రౌను ఆ దారి విడిచి వీరశైవుల గ్రంథములనే తెరచెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును ప్రధానాధారముగ గైకొని, అందలి కథలను ఆంగ్లపాఠకులకు వివరించెను.

ఆయన గ్రహించిన సంగతులు గమనింపదగినవి. బసవేశ్వరుని మార్గమున జన్మమును బట్టి హెచ్చుతగ్గులు లేవనియు, స్త్రీకి గౌరవస్థానము కలదనియు, లింగధారులందరు ఒక్కటియనియు ఆయన గుర్తించెను. తన దేశమున ఆడంబరమైన పూజావిధులను త్రోసిపుచ్చి నిరాడంబర భక్తిని చేపట్టిన ప్యూరిటను వర్గమువారితో శరణులను పోల్చి, వీరు శాంతస్వభావులని మెచ్చుకొనెను. ఈ పోలిక సర్వథా సరిపోవునా యను ప్రశ్న వేరు. ఇష్టలింగోపాసన, షట్స్థలము, అష్టావరణము అను తత్త్వములు ఆ పోలికలో ఇమిడిపోవు. కాని తాను ఎరిగిన వస్తువుతో తాను ఎరుగని వస్తువును గౌరవపూర్వకముగ పోల్చిచూచుట నాటి ఏలికలలో ఎందరు చేసిరి?

ఇందును ఆయన పట్టుదల అదియే. కరువును కరువన్నట్లే, ఒక సమాజమును దాని విరోధులు పెట్టిన పేరుతో గాక ఆ సమాజము తన గ్రంథములలో చెప్పుకొన్న పేరుతో పిలువవలెనని ఆయన మతము. బసవపురాణము చక్కని ముద్రణ పొందుటకు ఆ వ్యాసము తరువాత ఎనుబది యేండ్లు దాటవలసివచ్చెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణమున అది 1926లో వెలువడినది. చిలుకూరి నారాయణరావుగారు పరిష్కరించిన పండితారాధ్య చరిత్రము 1939లో వచ్చినది. అంతవరకు ఆ గ్రంథములను బ్రతికించినవి మఠములందలి తాటాకులును, ప్రాచ్యలిఖిత గ్రంథాలయములును.

పల్నాటి వీరగాథ

పల్నాటి వీరచరిత్ర ప్రతులును బ్రౌను సేకరణలో చేరినవి. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు అను పేర్లు వినని పల్నాటివారుండరు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు అనుభవమంటపమున అన్ని కులములవారిని ఒక్కచోట కూర్చుండబెట్టెను. ఆ శతాబ్దముననే మాచెర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కుడిపించెనని వీరగాథ చెప్పుచున్నది. ఒకరు శైవులు, ఒకరు వైష్ణవులు, మార్గములు వేరు. ఆకలియు అవమానమును ఏ కులమునకైన ఒక్కటే యను గ్రహింపు ఇరువురిది. ఈ రెండు సంప్రదాయముల గ్రంథములును ఒక విదేశీయుని కొలువులో ప్రక్కప్రక్కన నిలిచినవి.

శ్రీనాథుని పేరుతోనున్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించిరి. తరువాతి కాలమున జీన్ రోఘైర్ అను అమెరికా విద్వాంసుడు పల్నాటికి వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య అను వీరవిద్యావంతుడు పాడిన గాథను సేకరించి 1982లో ఆంగ్లమున ప్రకటించెను. ఆ రోఘైరే వెల్చేరు నారాయణరావుగారితో కలసి సోమనాథుని బసవపురాణమును ఆంగ్లీకరింపగా అది 1990లో వెలువడినది. వీరగాథను, శరణగాథను ఒక్క చేతితో పట్టుకొనుట 1840 నాటి బ్రౌనుతో మొదలై నూటయేబది యేండ్ల తరువాత ఇట్లు మరల కనిపించినది.

నిఘంటువు

బ్రౌను ఆంగ్లమున వ్రాసిన ఛందశ్శాస్త్రము 1827లో, తెలుగు వ్యాకరణము 1840లో వెలువడినవి. ఆయన కీర్తికి శిఖరమైన తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లో మదరాసున అచ్చయ్యెను. దానితోడనే ఆంగ్ల–తెలుగు నిఘంటువును వచ్చినది. కచేరీలలో వాడుకయందున్న పారశీక, హిందూస్తానీ పదములతో కూడిన మిశ్రభాషా నిఘంటువు 1854లో వెలువడెను.

అంతకుముందు నిఘంటువులలో పెక్కు పద్యరూపమున కవులకు పర్యాయపదములు అందించునవి. బ్రౌను చేసినది వేరు. కావ్యములందలి పదమునకు ప్రయోగము చూపెను. నాగలి, మగ్గము, కుంపటి, చేను, సంత అను నిత్యజీవితపు మాటలకును అంతే శ్రద్ధతో అర్థము చెప్పెను. ఏ మాటయు చిన్నది కాదు, ఏ వృత్తియు నీచము కాదు అను భావము ఆ పుటలలో కనబడును. కాయకమును దైవముగ భావించిన శరణుల వారసులకు ఈ గుణము ప్రియమగుట సహజము. మడివాలుడు బట్టలుతికిన చేతితో, చెన్నయ్య తోలుపని చేసిన చేతితో శివుని కొలిచిరి. వారి పనిముట్ల పేర్లకు గౌరవము లేనిచో ఆ భక్తికిని గౌరవము లేనట్లే.

గుణదోష విచారణ

ఆయన దేవుడు కాడు. కంపెనీ ఉద్యోగి, ఈ దేశమును ఏలుటకు వచ్చినవారిలో ఒకడు. దేశభాష నేర్చుకొనుటలో పాలన సౌకర్యము కూడ ఒక ప్రయోజనమే. ముక్కోపి యనియు, తన అభిప్రాయమును బిగ్గరగ చెప్పువాడనియు ఆయన వ్రాతలే తెలుపును. తాను వచ్చునాటికి తెలుగు సాహిత్యము ప్రాణము లేక పడియుండెననియు, తానే దానిని లేవనెత్తితిననియు ఆయన చెప్పుకొనెను. ఇది పూర్తిగా ఒప్పుకొనదగినది కాదు. తాటాకులు చెదలు తినుచున్న ఆ కాలముననే కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరవిద్యావంతులు ప్రతి కార్తికమున వీరగాథ పాడుచునే యుండిరి. జంగమకథకులు ఊరూర శరణుల కథలు చెప్పుచునే యుండిరి. జనుల నోట తెలుగు ఎన్నడును చావలేదు. చావనున్నది ఆకుల మీది అక్షరము. దానిని ఆయన కాపాడెను. అందును పండితుల కష్టము లేనిదే ఆయన కోరిక కోరికగనే మిగిలెడిది. కావున ఆయనకు చేయు నమస్కారమున జూలూరి అప్పయ్యకును, అద్వైతబ్రహ్మయ్యకును, పేర్లు తెలియని వ్రాయసకాండ్రకును భాగము కలదు.

చివరి దినములు

1855లో ఆరోగ్యము చాలక బ్రౌను పదవి విరమించి శాశ్వతముగ ఇంగ్లండునకు పోయెను. అచటను తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్య పదవి స్వీకరించెను. తన నిఘంటువునకు సవరణలు, చేర్పులు వ్రాసికొనుచు, పాత కాగితములు సరిచూచుకొనుచు కాలము గడపెను. తెలుగు మాట వినబడని నగరమున తెలుగు పుస్తకముల నడుమ వృద్ధుడయ్యెను. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్లు నిండిన వెనుక, లండనులోని తన స్వగృహమున కన్నుమూసెను. కెన్సల్ గ్రీన్ వాటికలో ఆయన దేహము భూమిలో కలసినది.

ఆయనను తెలుగువారు చాల ఆలస్యముగ స్మరించిరి. బంగోరె యను పేర ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు ఆయన లేఖలను, వ్రాతప్రతులను వెదకి వెదకి వెలికితీసిరి. జి. ఎన్. రెడ్డిగారితో కలసి ఆయన సంపాదించిన బ్రౌను సాహిత్య స్వీయచరిత్ర 1978లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము పక్షమున వెలువడినది. 1986లో హైదరాబాదు ట్యాంకుబండుపై నెలకొల్పిన తెలుగు వెలుగుల విగ్రహములలో బ్రౌనుకును స్థానము లభించినది. కడపలో ఆయన బంగళా శిథిలమైన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి అవిరళ కృషి వలన గ్రంథాలయ మందిరము లేచి 1995లో ప్రారంభమయ్యెను. 2006లో అది యోగివేమన విశ్వవిద్యాలయముతో చేరి భాషాపరిశోధన కేంద్రముగ వర్ధిల్లుచున్నది. తాటాకులను వెదకించిన వాని ఇంటిలో నేడు తాటాకులను భద్రపరచుచున్నారు. ఇంతకంటె తగిన స్మారకముండదు.

స్థావరము, జంగమము

బసవేశ్వరుడు స్థావర జంగమ భేదమును బోధించెను. కట్టినది కూలును, కదలునది నిలుచునని ఆ బోధ సారము. లండనులోని శిల స్థావరము. మంచు, వాన, నాచు దానిని క్రమముగ తినివేయును. దానిని శుభ్రపరచుట మనుష్యధర్మము, చేయువారు ధన్యులు. కాని అది చేసినంత మాత్రమున బ్రౌను ఋణము తీరదు. ఆయన వ్రాయించిన ప్రతి, చేర్చిన పదము, చెప్పిన నిజము జంగమములు. అవి చదువరి నుండి చదువరికి నడచును. నడిపించువారు లేనినాడు అవియు స్థావరములై చెదలపాలగును.

పల్నాటి పల్లెలలోను, మఠములలోను, ఆరాధ్య కుటుంబముల అటకలపైనను నేటికిని విప్పని తాటాకు కట్టలుండవచ్చును. వానిలో ఏ శరణుని చరిత్రమున్నదో, ఏ వీరుని గాథయున్నదో విప్పి చూచినగాని తెలియదు. పండుగనాడు పసుపు కుంకుమ చల్లి మరల అటకనెక్కించుట భక్తి కావచ్చును గాని రక్షణము కాదు. నరసరావుపేట ముఖ్యపట్టణముగ 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాయైనది. ఆ జిల్లాలోని విద్యాలయములు ఊరికొకరుగ విద్యార్థులను పంపి ఈ కట్టల పట్టిక తయారుచేయుట అసాధ్యము కాదు. నీడన ఆరబెట్టి, నూనె రాచి, ఛాయాచిత్రములు తీసి భద్రపరచుటకు నేడు బ్రౌను వలె అప్పులు చేయవలసిన అవసరమును లేదు.

ఏలికగా వచ్చిన పరదేశి తన జీతమును తెలుగు తాటాకులకు ధారపోసి, కరువును కరువని పలికి, శరణులను శరణుల మాటలతోనే తెలిసికొని, తుదకు ఒంటరిగ పరాయి నేల వంటి స్వదేశమున నిదురించెను. లండనునకు పోవు తెలుగువాడు ఆయన సమాధిపై ఒక పువ్వుంచి రావచ్చును. పోలేనివారు ఇంటి అటకపైనున్న కట్టను దింపి, దుమ్ము దులిపి, మొదటి ఆకు చదివినచో ఆ నమస్కారము ఆయనకు చేరును.

శివార్పణము.